మచ్చలేని నూనె

వీరరాఘవమ్మగారి ఆఫీసుకు మొదటిసారి వచ్చినవాళ్ళు కాస్త కంగారుపడతారు. ఈస్ట్ మారేడ్‌పల్లిలో టైలరు షాపు మీద గది. తలుపు మీద ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు. లోపలికి అడుగుపెడితే బల్ల మీద పాత పేపరు పరుచుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అరవై దాటిన ఆవిడ! రైల్వే విజిలెన్సులో ఉద్యోగమంతా గడిపి రిటైరైన మనిషి. బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి సంచెడు కూరగాయలు తెచ్చుకుని, వచ్చినవాళ్ళ గోడు వింటూ వాటి పని పట్టడం ఆవిడ పద్ధతి. చేతులు పనిలో ఉంటే చెవులు బుద్ధిగా వింటాయంటారు. అసిస్టెంటు తిరుమల్‌కు మొదట్లో ఇది నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు మాత్రం ఆవిడ చేతులు ఎప్పుడు ఆగుతాయా అని కళ్ళప్పగించి చూస్తుంటాడు. చేతులు ఆగాయంటే ఏదో దొరికినట్టే.

ఆ శుక్రవారం వచ్చిన అమ్మాయిని తీసుకొచ్చింది తిరుమలే. పేరు దేవకృప. సీతాఫల్‌మండిలో ఇద్దరిదీ ఒకటే గల్లీ. చిన్నప్పుడు తిరుమల్ సైకిలు చైను ఊడితే ఎక్కించిపెట్టిన పిల్ల, ఇప్పుడు చిన్న విమానాల ఇంజిన్లు విప్పి బిగించే లైసెన్సున్న ఇంజినీరు. ఆమె గురించి గల్లీ అంతా గొప్పగా చెప్పుకుంటుంది, తిరుమల్ ఇంకో రెండు మాటలు కలిపి మరీ చెబుతాడు. అలాంటి పిల్ల ముఖం ఆ రోజు పీక్కుపోయి ఉంది. చేతిలో ఒక కాగితం మడతలు పడి నలిగిపోయింది.

"దీని మీద సోమవారం లోపల సంతకం పెట్టమన్నారండి. తప్పు నాదేనని ఒప్పుకుంటున్నట్టు. పెట్టాలో వద్దో తెలియక వచ్చాను" అంది.

"కాగితం సంగతి తర్వాత. ముందు తప్పేమిటో చెప్పు తల్లీ."

దేవకృప చెప్పింది. మేడ్చల్ దారిలో చిన్న రన్‌వే ఉన్న ఫ్లయింగ్ క్లబ్బులో ఆమె ఉద్యోగం. పిల్లలకు నేర్పే విమానం ఒకటుంది, నీలం గీతలది. దాని ఇంజిన్‌కు నాలుగు సిలిండర్లూ పాతబడితే అమెరికా నుంచి కొత్తవి తెప్పించారు. పెట్టెలు విప్పిందీ, బిగించిందీ, సంతకం పెట్టిందీ దేవకృపే. కొంతకాలం బాగానే ఎగిరింది. పోయిన నెల అక్సా అనే విద్యార్థిని ఒంటరిగా నడుపుతుండగా గాల్లోనే ఒక సిలిండరు తల పగిలింది. ఇంజిన్ చచ్చుబడితే ఆ పిల్ల ఎలాగో పొలంలో దింపింది. ప్రాణం దక్కింది గానీ కాలు విరిగింది.

"తప్పు నీదని ఎవరన్నారు?"

"మా చీఫ్ ఇంజినీరు మధుసూదన్ సార్... అయ్యో, అనలేదండి. ఆయన నన్ను కాపాడుతున్నారు."

"కాపాడుతూనే ఈ కాగితం రాసిచ్చాడా?"

"నాకోసమే రాశారండి. పగులు స్పార్క్ ప్లగ్గు పక్కన పుట్టింది. ప్లగ్గును అతిగా బిగిస్తే అక్కడే పగులుతుంది. ముందే ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని, తను మాట్లాడి లైసెన్సు పోకుండా చూస్తానని అన్నారు. నాన్న పోయాక మాకు ఆయనే పెద్దదిక్కు. నాకు రెంచి పట్టడం నేర్పింది ఆయనే. ప్రతి ఆదివారం భోజనం మా ఇంట్లోనే."

"సిలిండరులోనే లోపం ఉండొచ్చుగా?"

"లేదనే నూనె రిపోర్టు చెబుతోందండి. ఇంజిన్ నూనె మార్చేటప్పుడు ఒక చిన్న సీసాడు పట్టి ల్యాబుకు పంపుతాం. లోపల ఏది అరిగితే ఆ లోహం పొడి నూనెలో తేలుతుంది. ఇనుమెంత, క్రోమియం ఎంత అని ల్యాబువాళ్ళు కొలిచి చెబుతారు. మా క్లబ్బులో ఈ ఏడాదే మొదలైంది, మాకెవరికీ అలవాటు లేదు. నీలం విమానం రిపోర్టు మచ్చలేకుండా వచ్చింది. సిలిండర్లు అంత బాగున్నాయంటే ఇక తప్పు బిగించిన చేతులదే గదా అన్నారు సార్." ఆమె తన చేతులకేసి చూసుకుంది. "బిగువు సరిపోగానే రెంచి టిక్కుమంటుందండి. ఆ చప్పుడు విన్నాననే అనుకుంటాను. కాసేపటికి విన్నానా అనిపిస్తుంది. ఇప్పుడు ఇంట్లో గ్యాసు కట్టేసి కూడా పదిసార్లు చూసుకుంటున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందండి. అక్సా కాలు నేనే విరిచానా? అది తెలిస్తే చాలు, లైసెన్సు పోతే పోనీ."

తిరుమల్ ఆమె ముందుకు మంచినీళ్ళ గ్లాసు జరిపాడు. వీరరాఘవమ్మగారు మాత్రం ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు.

"బిగించాక నువ్వు అక్కడే ఉన్నావా?"

"లేదండి. ఇంజిన్ ఒకసారి నేల మీద తిప్పి చూసి సెలవు పెట్టాను. అమ్మకు మోకాలి ఆపరేషను. నేను తిరిగి వెళ్ళబోతుంటే సారే ఫోన్ చేసి, ఇంకో వారం అమ్మ దగ్గరే ఉండు, ఇక్కడ నేను చూసుకుంటా అన్నారు. పళ్ళు పట్టుకుని హాస్పిటల్‌కు కూడా వచ్చారు."

చేతులు ఆగాయి.

"నువ్వు వేసిన సిలిండర్లను మళ్ళీ చూస్తే గుర్తుపడతావా?"

"నంబర్లుంటాయండి, ఆ రికార్డులన్నీ సార్ దగ్గరే. నాకైతే..." దేవకృప సిగ్గుపడింది. "నవ్వకండి. కొత్త సామాను ఏది వేసినా ముందు చిన్న సిలువ గీస్తాను. నట్ల మీద గుర్తుకు పెట్టే పసుపు రంగుతోనే. ఒకసారి సార్ చూసి, ఇంజిన్‌కు బాప్తిస్మమిస్తున్నవా పిల్లా అని నవ్వారు. అప్పట్నుంచీ ఎవరికీ కనబడకుండా అడుగున, సిలిండరు చుట్టూ చల్లబడటానికి ఉండే సన్న రెక్కల వెనక గీస్తున్నాను. కానీ ఇప్పుడు నన్ను హ్యాంగర్‌లోకి రానివ్వడం లేదు. నీలం విమానానికి గుడ్డ కప్పి సీలు వేశారు."

"సిలువ సంగతి ఇంకెవరికీ చెప్పకు. సంతకమూ పెట్టకు. ఇంటికెళ్ళి అన్నం తిను" అన్నారు వీరరాఘవమ్మగారు.

* * *

మర్నాడు పొద్దున్నే క్లబ్బుకు బయల్దేరారు. దేవకృప తరఫున మాట్లాడటానికి వచ్చామంటే మధుసూదన్ మొహం చిట్లించలేదు సరిగదా, తనే కుర్చీలు తుడిచి వేశాడు. తెల్లజుట్టు, మెత్తటి మాట, గోళ్ళలో ఎన్నాళ్ళుగానో ఇంకిన నల్లటి గ్రీజు. తిరుమల్‌కు చూడగానే గౌరవం కలిగింది.

"కూసోండి మేడం, ఛాయ్ చెప్త. పిల్ల మంచిగుందా? అన్నం తింటుందా?" అని అడిగాడు. "నా బిడ్డ లెక్క మేడం. తప్పు అందరికీ అయితది. పెద్దసార్ల కాళ్ళు పట్టుకుంటనో, చేతులు పట్టుకుంటనో, దాన్ని బయటపడేస్త."

"మీ చేతికెప్పుడూ తప్పు రాలేదా?"

మధుసూదన్ నవ్వాడు. "ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క రిమార్కు లేదు మేడం. దేవుని దయ."

విమానాలు నిలిపే హ్యాంగర్‌లో గోరువంకల గోల చెవులు చిల్లులు పడేలా ఉంది. విమానం ముక్కుకు రెండు పక్కలా ఇంజిన్‌కు గాలి వెళ్ళే కంతలుంటాయి. పిట్టలు వాటిలో గూళ్ళు కట్టకుండా ప్రతి విమానానికీ ఎర్ర స్పాంజి బిరడాలు దూర్చారు. అన్నీ ఎండకు వెలిసి గులాబీ రంగుకు తిరిగాయి. మూల నిలబెట్టిన ఒక తెల్ల విమానం బిరడాలు మాత్రం కుంకుమలా ఉన్నాయి. వీరరాఘవమ్మగారు వాటిని బయటికి లాగి, కంతలో చెయ్యి పెట్టి, వేళ్ళు చూసుకుని, కొంగుకు తుడుచుకున్నారు.

"ఈ విమానానికేమో కొత్తవి పెట్టారే?"

"పాతవి ఎలుకలు కొరికినయ్ మేడం."

అంతలో జీపు దిగి ఒకాయన సుడిగాలిలా వచ్చాడు. క్లబ్బు ప్రెసిడెంటు విజయేందర్. ఆ తెల్ల విమానం ఆయన సొంతం.

"ఏందయ్యా మధుసూదన్, నా బండి సంగతేం చేసినవ్? మొదటి నూనె రిపోర్టుల ఇనుము, క్రోమియం గుట్టలు గుట్టలున్నయంటిరి. రెండోసారి సుత గంతే, జెర తగ్గిందంతే. బండికి ఒక్క కొత్త సామాను వెయ్యలే, మరి గింత ఇనుము యాడికెల్లి వచ్చింది? పరేషాన్ అయితున్న!"

"ల్యాబోళ్ళ గల్తీ సార్. కాకుంటే దుమ్ము. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"ల్యాబోళ్ళది గల్తీ అయితే నీలం బండి రిపోర్టు సుత గల్తే కావాలె కదా!"

మధుసూదన్ ఛాయ్ సంగతి చూస్తానని పక్కకు జరిగాడు. వీరరాఘవమ్మగారు విజయేందర్‌ను పలకరించారు. "మీ విమానానికి ఈ మధ్య రిపేరేమీ జరగలేదాండీ?"

"ఏం లేదమ్మా. ఎండలు ముదిరేటప్పుడు రేడియో ఖరాబైందన్నడు. వారం పైన ముక్కుకు గుడ్డ కట్టి పెట్టిండు. నేనచ్చి చూస్తే లోపలికి దుమ్ము పోతదని దగ్గరికి రానియ్యలే."

"దేవకృప సెలవులో ఉన్నప్పుడా?"

"ఆ, గప్పుడే. మిగతోళ్ళకు సుత పండుగ సెలవులిచ్చిండు. పాపం ఒక్కడే చేసుకున్నడు."

రెండు విమానాల రిపోర్టులూ ఒకరోజు చూసి ఇస్తానని ఆవిడ అడిగితే విజయేందర్ అక్కడికక్కడే ఇచ్చేశాడు. తిరిగి వస్తూ తిరుమల్ ఊరుకోలేకపోయాడు.

"అమ్మా, ఆ పెద్దమనిషిని సుత అనుమానిస్తున్నరా? దేవుని లెక్క ఉన్నడు."

"దేవుడికి ఎలుకల మీద అబద్ధం చెప్పాల్సిన అవసరమేమొచ్చిందయ్యా? ముందు మౌలాలీకి పోనీ."

* * *

మౌలాలీలో ఏసురత్నంగారి ఇల్లు. డీజిల్ షెడ్డు ల్యాబులో రైలింజిన్ల నూనె పరీక్షిస్తూ రిటైరయ్యారు. ఏ నూనె చూసినా నాడి పట్టిన వైద్యుడిలా ఇంజిన్ జబ్బు చెప్పేవారని రైల్వేలో పేరు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ముందు నీలం విమానం రిపోర్టు చదివారు.

"ఇంజిన్ బాగుంది. అరుగుదలే లేదు. దీనికేం రోగం?"

"దీనికి అంతకుముందే నాలుగు కొత్త సిలిండర్లు వేశారు ఏసురత్నంగారూ. ఆ తర్వాత మొదటిసారి మార్చిన నూనె ఇది."

ఆయన కాగితం పక్కన పెట్టేశారు. "వెయ్యలేదు."

"వేశామంటున్నారు."

"ఎవరన్నా అననీండి. కొత్త చెప్పు కరవకుండా ఉంటుందాండీ? సిలిండరు గోడ ఉక్కు, లోపల తిరిగే రింగుల మీద క్రోమియం పూత. రెండూ కొత్తవైనప్పుడు ఒకదాన్నొకటి రాసుకుని, గరుకంతా పోయి సర్దుకునేదాకా ఇనుమూ క్రోమియమూ నూనెలోకి దిగాల్సిందే. మొదటి రిపోర్టు భయపెట్టాలి, రెండోది కాస్త నెమ్మదించాలి, ఆ తర్వాత మామూలైపోవాలి. కొత్త సిలిండర్లు వేశాక మొదటి నూనె ఇంత శుభ్రంగా వచ్చిందంటే లోపలున్నవి ఎప్పుడో అరిగి సర్దుకున్న పాత సిలిండర్లన్నమాట."

తిరుమల్ ఆ కాగితం అందుకుని మళ్ళీ చూశాడు. పెట్టెలు నా చేతులతోనే విప్పానంది గదా ఆ పిల్ల! తన చేతులకేసి చూసుకుంటూ మరీ చెప్పిందే!

వీరరాఘవమ్మగారు రెండో రిపోర్టు అందించారు. ఏసురత్నంగారు చూసి నవ్వారు. "ఇది జబ్బు కాదమ్మా. జబ్బయితే రోజురోజుకీ పెరగాలి. ఇది తగ్గుతోంది. దీన్ని చూసి భయపడ్డవాళ్ళెవరో గానీ..."

"ఆ మాట రేపు అందరి ముందూ చెబుదురుగాని" అని ఆవిడ ఆపేశారు.

దారిలో తిరుమల్ బండి ఎలా నడిపాడో అతనికే తెలియదు. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర ఇక పట్టలేకపోయాడు.

"గిట్ల మోసం చేస్తదని అనుకోలేదమ్మా. కొత్తవి ఎటో పంపి పాతవి బిగించిందన్నట్టే కదా? చిన్నప్పటిసంది చూస్తున్న పిల్ల. నేనే మీ దగ్గరికి తోలుకొచ్చిన. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయినట్టయింది నా బతుకు!"

"కోపం రేపు మధ్యాహ్నం దాకా దాచుకోవయ్యా, పాడైపోదు. ముందు దీనికి జవాబు చెప్పు. పాతవి నీలం విమానంలో ఉన్నాయి సరే. కొత్తవి ఎక్కడున్నాయి?"

సిగ్నల్ పడింది, తిరుమల్ బండి ముందుకు దూకించాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఎదురింటి గుమ్మంలో దేవకృప కనబడి నవ్వితే మొహం తిప్పుకుని లోపలికి పోయాడు. ఆ సంగతి తర్వాత తలుచుకుని ఎంత సిగ్గుపడ్డాడో అతనికే తెలుసు.

* * *

ఆదివారం ఉదయం చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ హ్యాంగర్‌లో పోగయ్యారు. విజయేందర్ పిలిపిస్తే ఎవరు రారు? అక్సా చంకల కింద కర్రలతో వచ్చింది. ఆమెను చూడగానే దేవకృప తల దించుకుంది. ఏసురత్నంగారు ఒక కుర్చీలో సర్దుకున్నారు. మధుసూదన్ శిష్యురాలి పక్కనే నిలబడి, భయపడకు నేనున్న అని భుజం తట్టాడు.

వీరరాఘవమ్మగారు గొంతు సవరించుకున్నారు. చేతుల్లో చిక్కుడుకాయలు లేకపోవడం తిరుమల్‌కు వింతగా ఉంది.

"ఇక్కడ అందరూ ఒక మంచి రిపోర్టును నమ్మారు, ఒక చెడ్డ రిపోర్టును చూసి భయపడ్డారు. అక్కడే పొరపాటు జరిగింది. ఏసురత్నంగారూ, చెప్పండి."

ఆయన కొత్త చెప్పు సంగతి మళ్ళీ చెప్పారు. నీలం విమానంలో పగిలింది పాత సిలిండరేనన్నారు. విజయేందర్ గిర్రున దేవకృప వైపు తిరిగాడు.

"అంటే నువ్వు కొత్తవి వెయ్యనే లేదా?"

"వేశాను సార్! దేవుడి సాక్షిగా వేశాను!"

"వేసింది" అన్నారు వీరరాఘవమ్మగారు. "వేసి, తల్లి ఆపరేషనుకు వెళ్ళింది. వారం కాగానే రావాల్సిన పిల్లను ఇంకో వారం ఆపారు. ఆ రోజుల్లో మిగతావాళ్ళకూ సెలవులు. అప్పుడే విజయేందర్‌గారి విమానానికి రేడియో పాడైంది. అవునాండీ?"

"అవునమ్మా."

"రేడియో ఎక్కడుంటుంది?"

"లోపల. పైలట్ ముందు."

"మరి గుడ్డ ముక్కుకెందుకు కట్టారు? ముక్కులో ఉండేది ఇంజిన్ గదా!"

 ఆవిడ తెల్ల విమానం దగ్గరికి నడిచారు.

"ఇవాళ్టిదాకా దీని రిపోర్టు చూసి ఇంజిన్‌కు క్షయ పట్టిందనుకున్నారు. మొదట బోలెడు ఇనుము, బోలెడు క్రోమియం. రెండోసారికి తగ్గుముఖం. దుమ్ము వల్లనైతే తగ్గదు, పెరుగుతుంది. ఇది కొత్త సిలిండర్లు సర్దుకుంటున్న గుర్తు. ఈ బండికి కొత్త సామాను ఏదీ వెయ్యలేదని వీరంటున్నారు. నూనె మాత్రం వేశారనే చెబుతోంది. రెండు రిపోర్టులూ నిజమే చెప్పాయి. మనమే వాటిని తలకిందులుగా చదివాం. దేవకృపా, ఇటురా. నీ సిలువ ఎక్కడ గీస్తావో అక్కడ చూడు."

మధుసూదన్ ఒక్కసారిగా తలెత్తాడు. 

దేవకృప ఇంజిన్ మూత విప్పింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చేతులు వణకలేదు. చిన్న అద్దం, టార్చి పట్టుకుని మొదటి సిలిండరు అడుగున వెతికింది. తర్వాత రెండోది. తర్వాత మిగిలిన రెండూ. అద్దం దించి అలాగే నిలబడిపోయింది. తిరుమల్ వెళ్ళి ఆమె చేతిలోంచి అద్దం తీసుకుని చూశాడు. రెక్క వెనక, బియ్యపు గింజంత పసుపుపచ్చటి సిలువ.

"ఉంది" అన్నాడు.  "నాలుగింటికీ ఉందా కృపా?"

ఆమె తల ఊపింది.

"ఎందుకు చేశాడో కూడా చెబుతాను, తప్పయితే మధుసూదన్‌గారే సరిదిద్దుతారు" అన్నారు వీరరాఘవమ్మగారు. "ఈ విమానం బిరడాలు కొత్తవి. పాతవి ఎలుకలు కొరికాయన్నారు. నిన్న కంతలో చెయ్యి పెడితే కరిగి గట్టిపడ్డ ఎర్ర స్పాంజి వేలికి తగిలింది. ఎలుకలు కొరుకుతాయి గానీ కరిగించవు. బిరడాలు తీయకుండానే ఇంజిన్ నడిపితే గాలి ఆడక సిలిండర్లు మాడిపోతాయి. నేర్చుకునే పిల్లలు మొదటి రోజు చేసే తప్పు అది. దాన్ని ప్రెసిడెంటుగారి బండి మీద, ఒక్క రిమార్కు లేని చీఫ్ ఇంజినీరు చేశాడు. మాడిన సిలిండర్లను నీలం విమానానికి వేసి, అందులోని కొత్తవాటిని ఇక్కడ బిగించాడు."

మధుసూదన్ స్టూలు మీద కూలబడ్డాడు. 

"ఫోన్ల మాట్లాడుకుంట స్టార్ట్ చేసిన" అన్నాడు. "వాసన వచ్చేదాకా సోయి లేదు. విప్పి చూస్తే పగులు కనబడలే. నడుస్తయనుకున్న. నిజంగ నడుస్తయనుకున్న."

"నడుస్తయనుకుంటే నా బండికే ఉంచొచ్చు కదా!" విజయేందర్ అరిచాడు. "పిల్లల బండికి ఎందుకు వేసినవ్? నాకు చెప్తే నేనేమన్నా ఉరేస్తనా?"

"మధుసూదన్ చేతికి తప్పు రాదంటరు సార్ అందరూ. ఆ మాట పోగొట్టుకోలేకపోయిన."

అక్సా కర్రల మీద ముందుకు వంగింది. "ఆ రోజు నన్ను ఎక్కించి, ఆల్ ది బెస్ట్ బిడ్డా అని డోర్ వేసింది మీరే సార్. తెలిసే వేసిన్రా?"

మధుసూదన్ ఆమె కర్రల మీంచి చూపు తిప్పుకున్నాడు. కాసేపటికి దేవకృప ఆయన ముందుకొచ్చి నిలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. తిరుమల్‌కు ఆమె ఏడిస్తేనే బాగుండుననిపించింది.

"నాలుగు సిలిండర్లు అటూ నాలుగు ఇటూ, ఒక్కరే మార్చారు. ఇంకెవరికీ చేతకాదు, మీకే అవుతుంది" అంది. "హాస్పిటల్‌కు పళ్ళు తెచ్చిన రోజు, ఇవి మారుస్తూనే వచ్చారా?"

ఆయన తలూపాడు.

"నా చేతుల మీద నమ్మకం పోయిందని మీ ముందే ఏడ్చాను గదా సార్. అప్పుడన్నా చెప్పొచ్చుగా. క్లబ్బులో ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు?"

మధుసూదన్ తన గోళ్ళలో గ్రీజు చూసుకున్నాడు.

"ఇంకెవరైనా నన్ను అనుమానిస్తరు" అన్నాడు చివరికి. "నువ్వైతే అనుమానించవు."

తిరుమల్‌కు ఆ క్షణంలో ఆ ముసలాయన్ను చాచి కొట్టాలనిపించింది. నిన్న ఆ మనిషిని దేవుడన్నదీ, ఈ పిల్లను దొంగనుకున్నదీ తనే. అది తలపుకొచ్చి చెయ్యి లేవలేదు.

* * *

విజయేందర్ నీలం విమానం సీలు పై అధికారుల ఎదుటే తీయిస్తానన్నాడు, దేవకృప మీద చర్య రద్దని అక్కడే రాసిచ్చాడు. ఆమె కాగితాన్ని థాంక్స్ సార్ అని మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం పెట్టమని మధుసూదన్ ఆమెకిచ్చిన ఆ నలిగిన కాగితం మాత్రం శుక్రవారం నుంచీ వీరరాఘవమ్మగారి దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఏం చేశారని తిరుమల్ తర్వాత అడిగితే, చింతపండు పొట్లం కట్టానన్నారు ఆవిడ.

దేవకృపను ఇంటి దగ్గర దింపే పని తిరుమల్‌కు పడింది.  సీతాఫల్‌మండి రైల్వే గేటు దగ్గర బండి ఆగినప్పుడు తిరుమల్ అన్నాడు.

"నిన్న నేను నిన్ను తప్పుగా అనుకున్న కృపా. పాత సామాను నువ్వే వేసినవనుకున్న."

"తెలుసన్నా. మొహం తిప్పుకున్నావుగా" అంది ఆమె. "ఒక్కరోజే గదా అనుకున్నావు. ఫర్లేదు."

ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే మాంసం కూర వాసన. తల్లి డోరా చేతికర్ర ఆనించుకుని వంటగదిలోంచి వచ్చింది. బల్ల మీద మూడు ప్లేట్లు. వాటిలో ఒకటి అంచున పువ్వులున్న పెద్ద ప్లేటు. గోంగూర మాంసం గిన్నె మీద మూత వేసి ఉంది.

"ఏమే, విచారణ ఏమైంది? సార్ రాలేదేం? కూర చల్లారిపోతోంది. గోంగూర ఇంకాస్త పుల్లగా ఉండాలని పోయిన వారం అన్నారని ఈసారి ఎక్కువే వేశాను. ఒక్క ఫోన్ చెయ్యి."

దేవకృప బల్ల దగ్గర నిలబడి ఆ పువ్వుల ప్లేటు చూసింది. హ్యాంగర్‌లో సిలువలు కనబడ్డప్పుడు ఏడవని పిల్ల, ఆ ముసలాయన జవాబు విన్నప్పుడు ఏడవని పిల్ల, ఇప్పుడు కుర్చీ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. డోరా హడావిడిగా కర్ర వదిలేసి కూతుర్ని పొదివి పట్టుకుంది.

"ఏమైంది తల్లీ? తప్పు నీదేనన్నారా? లైసెన్సు తీసేశారా?"

"లేదమ్మా. నా తప్పేం లేదని తేలింది."

"మరి ఎందుకే ఏడుపు?"

దేవకృప కళ్ళు తుడుచుకుని పువ్వుల ప్లేటు తీసింది. అలమర పై అరలో బోర్లించి వచ్చి, దాని స్థానంలో మామూలు స్టీలు ప్లేటు పెట్టింది.

"కూర్చో అన్నా" అంది తిరుమల్‌తో. "ఇవాళ నువ్వు తిను."